సహాయమునకు వెల కట్టవచ్చునా?



బెంగళూరులో మన తెలుగు కుటుంబములు స్థిరపడి రెండు మూడు తరములైనది. మన పిల్లలు మంచి బడులలో చదివి ఉద్యోగములలో కుదురుకొన్నారు. ఇప్పుడు మన సంఘముల ప్రక్కనే, క్రొత్త కట్టడములు లేచు చోట్ల, రేకుల షెడ్లలో మరియొక తెలుగు వినబడుచున్నది. పాలమూరు నుండి, అనంతపురము నుండి మేస్త్రీల వెంట వచ్చిన కూలి కుటుంబములవి. వారి పిల్లల కొరకు మా సంఘములో సాయంకాలపు ట్యూషను నడుపుచున్నాము. పలకలతో మొదలైనది నోటు పుస్తకములకు, అక్కడ నుండి బడి ఫీజులకు, సాయంకాలపు ఉప్మాకు, ఆపైన ఒక తల్లి ఆసుపత్రి ఖర్చుకు వచ్చినది. అప్పుడు కమిటీలో ఒక ప్రశ్న లేచినది. ఇంత చేయుచున్నాము గదా, ఆ పిల్లలు ఆదివారపు బడికి తప్పక రావలెనని నియమము పెట్టకూడదా? రానివారికి ఫీజు సహాయము ఆపకూడదా?

అడిగినవారు మంచివారే. వారి మాటను కొట్టివేయుట మాకు చేతకాలేదు. అందుచేతనే ఇది వ్రాయుచున్నాము.

చదువు చెప్పవలసిన చోట అన్నము, మందు ఎందుకని కొందరు అడుగవచ్చును. మేము ట్రైనింగు చదివిన దినములలో బాలుని మనస్సును గూర్చి చాల చెప్పారు గాని, వాని కడుపును గూర్చి చెప్పినట్లు జ్ఞాపకము లేదు. అది బడిలో పనికి చేరిన తరువాత తెలిసినది. చంటిబిడ్డను చూచుకొనుటకు ఇంట నిలిచిపోయిన అక్కకు ఎంత మంచి పాఠమైనను అందదు. న్యూయార్కులో డొమినికన్ రిపబ్లిక్ నుండి వలస వచ్చినవారు ఎక్కువగా నివసించు వాషింగ్టన్ హైట్స్ అను పేటలో, 1992లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ వారు ఒక ప్రభుత్వ బడితో కలిసి ఇట్టి పనికి పూనుకొన్నారు. బడిలోనే వైద్యము, పండ్ల వైద్యము, సాయంకాలము తల్లిదండ్రులకు తరగతులు. మన బెంగళూరులో 2003లో శుక్లా బోస్ గారు రాజేంద్రనగర మురికివాడలో ఒక మేడపైన పరిక్రమ బడిని ఆరంభించారు. అక్కడ చదువుతో పాటు భోజనము, వైద్యము, ఇంటివారికి సహాయము అన్నీ ఒకే పనిగా చూస్తారు. పిల్లవానిని వాని ఇంటి నుండి వేరు చేసి బాగుచేయలేమని ఈ బడులు నడిపినవారు గ్రహించారు. ఇంతవరకు మా కమిటీలో కూడ తగవు లేదు.

తగవంతయు ఆ తరువాతి మెట్టులో ఉన్నది. ఒక ఇంటిలోనికి సహాయము పంపినవాడు ఆ ఇంటిపై కొంత అధికారము కూడ తెచ్చుకొనునా?

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. బెంగళూరులో 2000లో ఇస్కాన్ వారు 5 బడులలో 1,500 మంది పిల్లలతో అక్షయపాత్రను మొదలుపెట్టారు. నేడు అది అనేక రాష్ట్రములలో లక్షలమంది పిల్లలకు అన్నము పెట్టుచున్నది. గొప్ప పని, మనలో ఎవరమును అంత చేయలేదు. అయితే వారి వంటలో ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు ఉండవు. దీనిని గూర్చి 2018, 2019లో కర్ణాటకలో పెద్ద వాదమే జరిగినది. పెట్టువాని నియమము తినువాని నోటికి వర్తించునా అన్నదే దాని మూలము. 2021 డిసెంబరులో ప్రభుత్వము కొన్ని ఉత్తర జిల్లాల బడులలో గుడ్డు ఇచ్చుట మొదలుపెట్టినప్పుడు, తినని పిల్లలకు అరటిపండు ఇచ్చినది. మాకు ఆ అరటిపండు నచ్చినది. ఏది కావలెనో పిల్లవాడే చెప్పును, ఏది చెప్పినను వాని పంక్తి మారదు. ఒకరి వంటను వేలెత్తి చూపుట సులభము. మన ఆదివారపు నియమము దానికంటె వేరైనదా అని చూచుకొనుట కష్టము.

ఈ విషయములో మన పూర్వికుల కథయే మాకు ఎక్కువ బుద్ధి చెప్పుచున్నది. 1876 నుండి 1878 వరకు వచ్చిన ధాత కరవులో ఒంగోలు జాన్ క్లౌ దొర గారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగపు త్రవ్వకమును కంట్రాక్టుగా తీసుకొని వేలమందికి పని కల్పించారు. వారిలో ఊరి బయట మాదిగ పేటల వారు అనేకులు. కూలి చేతికి వచ్చినది, వాక్యము చెవిని పడినది. బాప్తిస్మము కోరినవారు చాలమంది. అయితే క్లౌ గారు ఏడాదికి పైగా ఎవరికిని ఇయ్యలేదు. కూటి కొరకు వచ్చారన్న మాట రాకూడదని ఆగారు. కరవు సహాయము నిలిచిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. ఆ అంకె మనకందరికిని కంఠపాఠము. దానికి ముందు ఆగిన నెలలను మాత్రము మనము అంతగా చెప్పుకొనము.

ఆగినంత మాత్రాన అంతయు తేటపడినదని మేము అనము. ప్రాణము నిలిపినవాని మాటను నమ్ముట మానవ సహజము. కమిటీలో ఒక సహోదరుడు ఇదే అడిగారు: "నియమము లేకున్నను వారు మొగమాటముతో వస్తారు గదా, మాస్టారూ?" వస్తారు. ఆ మొగమాటము వారిలో ఉన్నది. దానిని పట్టుకొని లాగకుండుట మన చేతిలో ఉన్నది. ట్యూషనుకు క్రమముగా రావలెనను నియమము వేరు. మందు ఇచ్చి పథ్యము చేయుమన్నట్టిది అది. మందు ఇచ్చి మా ఇంటి పని చేయుమనుట మరియొకటి. ఆదివారపు బడి తలుపు ఎవరికిని మూసి లేదు, వచ్చువారు వస్తారు.

ఇంకొక వెల ఉన్నది. దానిని మేమే తెలియక వసూలు చేశాము. రెండేండ్ల క్రిందట పుస్తకములు పంచునప్పుడు, పిల్లలను ఒక్కొక్కరిని వేదిక మీదికి పిలిచి, పేరు, తండ్రి చేయు పని చదివి, దాతకు పంపుటకు ఫొటోలు తీయించాము. అయిదవ తరగతి పిల్ల ఒకతె మరునాటి నుండి రాలేదు. మేము షెడ్డుకు వెళ్ళాము. తల్లి చేతుల సిమెంటు కడుగుకొనుచు అన్నది: "బుక్కులిచ్చిండ్రు సారూ, మంచిదే. గని ఫొటో ఎందుకు తీసిండ్రు? బడిల పిల్లలు నవ్వుతున్నరంట." వయస్సు ధ్రువపత్రము లేదని ఏ పిల్లవానిని బడి నుండి త్రిప్పి పంపరాదని 2009 విద్యాహక్కు చట్టము చెప్పినది. కాగితము లేకున్నను తలుపు తెరవుమని ప్రభుత్వమే అన్నప్పుడు, మేము మైకులో తండ్రి కూలి పనిని చదివించాము. ఆ తల్లికి చెప్పుటకు మాకు జవాబు దొరకలేదు.

ఈ యేడు జూన్‌లో పుస్తకములను గది మూలన బల్లపై పేర్చి ఉంచాము. కావలసినవారు తీసుకొనిపోయారు. ఒకరిద్దరు ఎక్కువే తీసుకొన్నారు, మేము చూచాము. ఆ పిల్ల తన తమ్ముని పంపినది గాని తాను ఇంకను రాలేదు. ఆదివారపు నియమము మాట వచ్చే నెల కమిటీ ముందుకు వచ్చును. ఫొటోలు పంపుమన్న దాతగారికి, ఇకమీదట తీయబోమని వినయముతో ఉత్తరము వ్రాశాము. వారి నుండి జవాబు రావలసి ఉన్నది.