ఏకత్వనిర్ణయము

రెండుచోట్ల రెండుమారులు గన్పడిన వస్తువు ఒక్కటియే యని నిర్ణయించుట కాధారమేమి? నైయాయికులును బౌద్ధులును వేదాంతులును శతాబ్దులపాటు వాదించిన యీ ప్రశ్న, నేడు హైదరాబాదునందలి దిల్‌సుఖ్‌నగరపు మేడలమీద నున్న శిక్షణకేంద్రములలో, కంప్యూటరు విద్యకై ఊళ్లనుండి వచ్చిన పిల్లల యెదుట, తత్త్వమను పేరు లేకుండనే, ఉద్యోగపరీక్షలలో నడుగు నొక చిన్నలెక్కగా నిలుచుచున్నది. క్రమముగ పేర్చిన రెండు పట్టికలను ఒక్కటి చేయవలెను, క్రమము చెడరాదు, ఏ పేరును రెండుమారులు రారాదు, పని శీఘ్రముగ ముగియవలెను.

మొదటి పట్టికలోని ప్రతి పేరును రెండవదానిలోని ప్రతి పేరుతోను పోల్చుట యొక మార్గము; పట్టికకు వేయి పేర్లున్నచో పదిలక్షల పోలికలు కావలసివచ్చును. అట్లుగాక, రెండు పట్టికల మొదటను ఒక్కొక్క వ్రేలుంచి, ఏ పేరు ముందు రావలసినదో దానిని వ్రాసికొని ఆ వ్రేలిని మాత్రము జరుపుచు, రెండు పేర్లును సమానమైనచోట ఒక్కమారే వ్రాసి రెండు వ్రేళ్లను జరుపుచు పోయినచో, పోలికలు 1,999కి మించవు. ఈ విలీనమునే పునాదిగ జేసికొని జాన్ వాన్ నాయ్‌మన్ 1945లో యంత్రముచేత పట్టికలను క్రమపఱచు విధానమును రచించెను. ఒకే పట్టికలో పేరు మరల వచ్చుచున్నను భయము లేదు. కడపట వ్రాసిన పేరొక్కటి జ్ఞప్తియందున్న చాలును, ఏలయన క్రమమున్నచోట సమానములైనవి ప్రక్కప్రక్కనే చేరును. గడచిన దానినంతయు మోయవలసిన స్మృతిభారమును క్రమము తొలగించు తీరు నాకు నిజముగ ఆశ్చర్యకరము. కాని రెండు పట్టికలును ఒకే క్రమమున నుండవలెను. ఒకటి పేర్లవరుసను, మరియొకటి యింటినంబర్లవరుసను ఉన్నచో యంత్రము ఎదురుచెప్పక పని ముగించి తప్పు పట్టిక చేతికిచ్చును.

ఇంతవరకు వచ్చినది క్రమమును గూర్చిన మాట. "సమానము" అనునది వేఱు. దానిని క్రమము చెప్పజాలదు; నగరపు మెట్రోస్టేషనుల లెక్కయే దీనికి నిదర్శనము.

ఎల్.బి.నగరునుండి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగరముల మీదుగా మియాపురము పోవు మెట్రోమార్గమున 27 స్టేషనులున్నవి. నాగోలు రాయదుర్గముల నడుమ 23. జేబీయస్ ఎంజీబీయస్‌ల నడుమ 9. మూడింటిని కూడిన 59 కావలెను. అమీర్‌పేట రెండు పట్టికలలో నున్నది, ఎంజీబీయస్సును అట్లే. వానిని ఒక్కొక్కమారే లెక్కించిన 57, అదియే అందఱును చెప్పు సంఖ్య. అయితే ఒక మార్గమున పెరేడ్ గ్రౌండ్ అనియు, మరియొక మార్గమున జేబీయస్ పెరేడ్ గ్రౌండ్ అనియు రెండున్నవి. బండి మారుటకు దిగిన ప్రయాణికునికి అది ఒక్కచోటే. పేరుచూచి లెక్కించువానికి రెండు. అతడు ప్రయాణికుని దృష్టితో లెక్కించినచో 56 వచ్చును. ఎవరి లెక్కయు తప్పుగాదు. ప్రయోజనము వేఱగుటచే ఏకత్వము వేఱైనది.

మన శాస్త్రములలో దేవదత్తుడను నొక పాత్ర గలడు. ఎన్నడో యెక్కడనో చూచిన దేవదత్తుడే నేడిక్కడ కనబడువాడని గుర్తించుటెట్లు? బౌద్ధులు, అది సాదృశ్యమే గాని యేకత్వముగాదనిరి. దీపజ్వాల క్షణక్షణమును కొత్తదైనను ఒక్కటియే యనిపించునట్లు. అద్వైతులు, నాటి దేశకాలములను నేటి దేశకాలములను విడిచిపెట్టి, ఆ రెంటికి నాశ్రయమైన వ్యక్తిని మాత్రము గ్రహించవలెననిరి. దీనికి భాగత్యాగలక్షణ యని పేరు. పట్టికలను కలుపువాడు చేయునదియు నిదియే. ఏ లక్షణమును విడువవలెను, దేనిని నిలుపవలెనని అతడు ముందుగ నిర్ణయించును. యంత్రము ఆ నిర్ణయమును పాటించును. వేదాంతి విడుచుట సత్యమును చేరుటకు. గుమాస్తా విడుచుట పని సాగుటకు. ఈ భేదమును మఱచుట వలననే యపకారము జరుగుచున్నది.

ఓటరుజాబితాను చూడుడు. విజయవాడ రాజమార్గము మొదలగు ఎల్.బి.నగరు ప్రాంతమున, వనస్థలిపురము, కొత్తపేటల కాలనీలలో ఊరినుండి వచ్చి స్థిరపడినవారు అనేకులు. ఊరి జాబితాలో నొకచోట, నగరపు జాబితాలో నొకచోట పేరున్నవారు గలరు. 1950నాటి ప్రజాప్రాతినిధ్యచట్టము ఒకనికి ఒక నియోజకవర్గముననే చోటిచ్చినది గనుక, రెండవ పేరును తొలగించుట న్యాయమే. కాని తాతపేరు మనుమనికి పెట్టుట మన యిండ్లలో సదాచారము. ఇంటిపేరొక్కటి, పేరొక్కటి, ఇంటినంబరొక్కటి. భేదమంతయు వయస్సునందును తండ్రిపేరునందును ఉన్నది. వయస్సు తప్పుగ నెక్కి, తండ్రిపేరు పొడియక్షరములలో మునిగినపుడు, తాతమనుమలలో ఒకడు మాయమగును. 2018 డిసెంబరు 7న శాసనసభ యెన్నికలనాడు పోలింగుకేంద్రమునకు పోయి తమ పేరులేదని తెలిసికొన్నవారి దుఃఖము తెలంగాణమంతయు నెఱుగును. ఎన్నికల ప్రధానాధికారియే క్షమాపణ చెప్పవలసివచ్చెను. వారి పేర్లు తొలగుటకు కారణము లనేకములు కావచ్చును, అన్నియు నిట్టి విలీనదోషములే యనుట నా యుద్దేశముగాదు.

నేను నొక్కి చెప్పదలచినది వేఱు: విలీనమున గల్గు రెండువిధముల తప్పులును సమానములు గావు. ఒకడు రెండుమారులున్నచో పట్టిక చూచిన యెవరికైనను ఆ దోషము కనబడును, రేపైనను దిద్దవచ్చును. ఇద్దఱు ఒక్కడుగ నైనచో పోయినవాడు పట్టికలో లేడు గనుక వాని లోటు కనబడుటకు తావే లేదు. కావున సందేహము గల్గినచోట రెంటిని నిలుపుటయే ధర్మమనియు, శీఘ్రత రెండవదనియు నా దృఢవిశ్వాసము.

నైయాయికులు ఆత్మ యొక్క స్థిరత్వమును సాధించుటకు చూపిన యుక్తి యొకటి యిచ్చట స్మరణీయము: ముందు కంటితో చూచినవాడును తరువాత చేతితో తాకినవాడును తానే యని మనుష్యుడు తన్నుగూర్చి తాను చెప్పగలడు. రెండు పట్టికల నడుమ నిలిచిన యంత్రమున కీ సాక్ష్యము లేదు. ఆ సాక్ష్యము చెప్పగల దేవదత్తుడు ఇంటిలో, కాలనీలో, వీధిచివర దుకాణములో నున్నాడు. పైని చెప్పిన ప్రజాప్రాతినిధ్యచట్టమే తన 22వ సెక్షనునందు, అర్హతలేదనియో నివాసము మారెననియో పేరు తొలగించుటకు ముందు ఆ వ్యక్తికి తన మాట చెప్పుకొను నవకాశ మీయవలెనని విధించినది. దానికి పట్టు రోజులనుగూర్చియు వ్యయమునుగూర్చియు ఫిర్యాదుచేయు అధికారులు, రెండు వ్రేళ్ల పద్ధతి మిగిల్చిన తొమ్మిదిలక్షల తొంబదెనిమిదివేల పోలికల కాలమును ఆ తలుపులు తట్టుటకు వినియోగింపవలెను.