మట్టిని తాకి చూడు

శ్రావణ మాసం – ఉదయ ధ్యానం

శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున ముగ్గు పెట్టి, చెంబు తీసుకుని తులసికోట దగ్గరికి వెళ్లాను. వంగి దండం పెట్టబోతుంటే ఒక ఆకు ఊడి వేలికి అతుక్కుంది. నీళ్లలో నానిన కాగితంలా మెత్తగా ఉంది. నలిపి చూశాను. తులసి వాసన రాలేదు, బురద వాసన వచ్చింది.

తులసి వాడితే ఇంటికి కీడని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదో నెల. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎవరితోనూ అనలేదు కానీ, ఉదయం పోసే చెంబుకు తోడు సాయంత్రం ఇంకో చెంబు పోయడం మొదలుపెట్టాను. ఆదోనిలో పుట్టి పెరిగినవాళ్లకు మొక్క తల వాల్చిందంటే ఒకటే గుర్తొస్తుంది, దాహం. కొళాయి వచ్చే రోజు కోసం బిందెలు వరసగా పెట్టుకుని కాచుకున్న చేతులు ఇవి. నీళ్లు పోయడం కంటే పెద్ద ప్రేమ మాకు తెలియదు. ఆ వారమంతా ముసురు పట్టి ఉన్నా నా చెంబు ఆగలేదు. కింది కొమ్మల ఆకులు పసుపుబారి, నల్లమచ్చలు తేలి, ముట్టుకుంటే జారిపోయాయి.

మళ్లీ శుక్రవారానికి ఎమ్మిగనూరు నుంచి పెద్దమ్మ వచ్చింది. బతుకంతా గుంట మగ్గం మీద గడిపిన మనిషి. కోటను చూడగానే దగ్గరికి పోయి, చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించింది.

“ఏమ్మా, ఎన్ని చెంబులు పోస్తాండావు?”

“రెండు పెద్దమ్మా. వాడిపోతాందని...”

“మన్ను తాకి చూసినావా? పైన ఆరినట్ల ఉండాది, అడుగంతా మడుగే. వానకు మగ్గం గుంటలో తేమ ఎక్కితే మేమేం చేస్తాం? గుంట ఆరేదాకా నేత నిలిపేస్తాం. నువ్వేంటికి ఇంకా పోస్తాండావు?”

తర్వాత కాండం మొదలును గోటితో గీరింది. రెండంగుళాల మేర గోధుమరంగుకు తిరిగి, తోలు గోటి వెంట ఊడి వచ్చింది. కోట కింద నీళ్లు పోయే చిల్లులో పుల్ల పెట్టి పొడిచింది. నల్లరేగడి ముద్దకట్టి బిరడాలా బిగుసుకుంది. పుల్ల బయటికి లాగగానే నల్లటి నీళ్లు ధారగా కారాయి. వాటిలో విరిగిన పాల కంపు. వారం వారం నేను అభిషేకం చేసిన పాలు అవి.

మొక్క వేళ్లు కూడా గాలి పీలుస్తాయి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండేది ఆ గాలే. మన నల్లరేగడి రేణువులు బాగా సన్నం. ఎండాకాలం నెర్రెలు విచ్చుకునే ఆ నేల, తడిస్తే ఉబ్బి సందులన్నీ మూసుకుంటుంది. తడిని పట్టి ఉంచే ఆ గుణం వల్లే ఇక్కడ వానాధారం మీద పత్తి పండుతుంది. మూసిన కోటలో అదే గుణం మొక్కకు ఉరి. నిలిచిన నీళ్లలో పిథియం, ఫైటోఫ్తోరా వంటి తెగులు సూక్ష్మజీవులు పెరిగి వేళ్లను కుళ్లబెడతాయి. కుళ్లిన వేరు చుట్టూ ఎంత నీళ్లున్నా పైకి లాగలేదు. నీళ్లలో నిలబడిన తులసి దాహంతోనే తల వాలుస్తుంది. దాన్ని చూసి మనం ఇంకో చెంబు పోస్తాం.

దాహమో కుళ్లో ఆకును పట్టుకుంటే తెలిసిపోతుంది. దాహమైతే ఆకు పలచబడి అంచులు గలగలమంటాయి, నీళ్లు పోసిన పూటకే తేరుకుంటుంది. కుళ్లయితే ఆకు మెత్తబడి నల్లబడుతుంది, మట్టి తడిగా ఉండగానే కొమ్మ వాలిపోతుంది. పత్తి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పల్లపు చేలో నీళ్లు నిలిచి చెట్లు వాడితే అతను పార తీసుకుని ముందు కాలువ తీస్తాడు. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు కుండీలో సేజ్ అనే వంటాకు పెంచుతాడు. అదీ తులసి కుటుంబమే. మధ్యధరా సముద్రపు ఒడ్డున రాళ్ల వాలుల్లో పుట్టిన మొక్క. నీళ్లు నిలిస్తే దాని ఆకూ ఇలాగే మెత్తబడుతుందని ఫోన్లో చెప్పాడు.

పెద్దమ్మ కత్తెర అడిగింది. “శుక్రవారం తులసి తుంచకూడదు కదా” అన్నాను.

“జబ్బు మనిషికి మందు వేసేదానికి వారమేంది? తేమ్మా.”

మెత్తబడ్డ ఆకులన్నీ ఏరేసింది. కాండం మొదలు చుట్టూ కుళ్లిపోయింది కాబట్టి పాత మొక్క బతకదంది. పచ్చగా మిగిలిన కొసలు ఐదు, జానెడేసి కోసి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టింది. కోటలో మట్టి మొత్తం తోడేశాం. చిల్లు తెరిచి, పెంకు ముక్కలు పరిచి, మట్టి, వంక ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి నింపాం. విత్తనాల అంగళ్లలో దొరికే ట్రైకోడెర్మా గుప్పెడు ఎరువులో కలిపితే కుళ్లు తెగుళ్లను కొంత అణుస్తుంది. దీపాన్ని మట్టి మీద నుంచి తీసి కోట గూట్లోకి మార్చాం. పాలూ పసుపు నీళ్లూ ఇప్పుడు కోట ముందు నేల మీదే సమర్పిస్తున్నాను.

మరుసటి రోజు ఉదయం అలవాటుగా చెంబు చేతికి తీసుకుని మళ్లీ దించేశాను. ఆ రోజు నా పూజ నీళ్లు పోయకుండా కూర్చోవడమే. అది ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

మనకు దగ్గరలోనే ఉన్న మంత్రాలయం గుర్తొచ్చింది. 1671లో శ్రావణ బహుళ విదియనాడు రాఘవేంద్రస్వామి అక్కడ బృందావన ప్రవేశం చేశారు. ఆ బృందావనాన్ని కట్టించినవాడు ఆదోని దివాను వెంకన్న అని సంప్రదాయం చెబుతుంది. బృంద అంటే తులసి. యతి కూర్చున్న చోటికి తులసి పేరే పెట్టుకున్నాం. ఏటా ఈ శ్రావణంలోనే, మన పెరటి తులసి వానకు నానే రోజుల్లోనే, ఆరాధన జరుగుతుంది. స్వామి కదలకుండా కూర్చుని చేసిన ధ్యానాన్ని తలుచుకుంటూ నేను ఆ కోట ముందు కూర్చున్నాను. సాయంత్రం పోసిన రెండో చెంబు తులసమ్మ అడిగింది కాదని, నా భయం అడిగిందని అక్కడే అర్థమైంది. అమ్మ అని పిలుస్తూనే ఆమెను శకునం చెప్పే పలకలా చూశాను. ఆమెకూ ఊపిరి ఉంటుందని తలచలేదు.

తల్లీ తులసమ్మా, నా దిగులును నీ వేళ్ల మీద కుమ్మరించకుండా నా చేతిని పట్టి ఉంచు.

పాత తులసి చచ్చిపోయింది. ఐదు కొసల్లో మూడు వేరుపట్టాయి. మా అమ్మాయికి నెలలు నిండి కాన్పయింది, తల్లీ బిడ్డా క్షేమం.

ఈ వానల్లో మీ ఇంట్లోనో పక్కింట్లోనో తులసి ఆకు మెత్తబడితే, కీడు వచ్చిందని ఆ ఇంటి ఆడపిల్లనూ కోడలినీ ఒక్క మాట కూడా అనకండి. చెంబు పక్కన పెట్టి, వేలు మట్టిలోకి దించి చూడండి. కోట అడుగున చిల్లు తెరవండి.