వాన దేవునిది, బురద ఎవరిది?



విశాఖ కొండల మీద కురిసిన వాన గెడ్డల వెంట దిగి సముద్రంలో కలుస్తుంది. కొండను ప్రొక్లెయినర్‌తో తొలిచి చదును చేస్తే, మట్టిని పట్టి ఉంచే వేరు ఉండదు. నీరు ఇంకక, ఎర్రమట్టితో దిగువ వాడల కాలువలను పూడ్చివేస్తుంది. 2021లో ఋషికొండ తవ్వకం, 2024లో భీమిలి ఎర్రమట్టి దిబ్బల చెంత నేల చదును అందరమూ చూచినవే.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం పిలిచిన జనానికి ఇండ్లు కావాలి, నిజమే. అంతమాత్రాన “నా స్థలం, నా ఇష్టం” అనవచ్చునా? ప్రాచీన రోమను న్యాయశాస్త్రం ఈ ప్రశ్నను ఏనాడో విచారించింది. సహజమైన పల్లం వెంట వచ్చే నీటిని దిగువవాడు భరించవలసిందే. కాని ఎగువవాడు తన పనులతో ప్రవాహాన్ని మార్చి హాని చేస్తే బాధ్యుడు అతడే. పల్లం ప్రకృతి చేసినది, తవ్వకం మనిషి చేసినది.

మనకూ 2002 నాటి వాల్టా చట్టం ఉంది. అయితే అనుమతి దొరికినదంతా ధర్మం కాదు. ప్లాను కాగితంపై దిగువ ఇంటివాని సంతకం ఉండదు. ఆ సంతకం లేనివానిని తలచుకొనడమే అంతఃకరణం పని. కనుక పునాది తీయక ముందే వాననీటికి గుంట, మట్టికి అడ్డుగోడ కట్టాలి. ఆ ఖర్చు ఎగువవాడు భరించడం దానం కాదు, న్యాయం.