అరచేతిలోని అంగడి

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమునందు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను శరణ దంపతులు నివసించిరి. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వారింట జంగమ దాసోహము జరుగుచుండెను. ఒకనాడు బసవేశ్వరుడు పరీక్షింపగోరి గింజలను ఎక్కువగా చల్లించెనని కథనము. ఎక్కువ కనబడెను గనుక మారయ్య ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటి అవసరమునకు మించినది తమది కాదనియు, తెచ్చిన చోటనే పోసి రమ్మనియు భర్తను వెనుకకు పంపెను.

ఈ కథను పేదవారి నిగ్రహమునకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. అంతటితో చాలదు. కనబడుటకును కోరుటకును నడుమ లక్కమ్మ ఒక ప్రశ్నను నిలిపెను. నేటి అంతర్జాల ప్రకటనలు తొలగింపజూచునది ఆ ప్రశ్ననే. నాడు గింజలు చల్లినవాడు గురువు. నేడు చల్లువాని ఉద్దేశము వేరు.

పూర్వము మనిషి అంగడికి పోయెడివాడు. సంతలోని కేక అందరికిని ఒక్కటే. 1994లో అంతర్జాల పుటలపై ప్రకటన పట్టీలు వెలసిన తొలినాళ్లలో అవియును గోడపత్రికల వంటివే. ఆ యేడే పుట్టిన కుకీ యను చిన్న గుర్తు, బుట్టలో వేసిన వస్తువులను జ్ఞాపకముంచుకొనుట వంటి పనులకై కల్పింపబడినది. కాలక్రమమున అదియే మనిషి ఏ పుటనుండి ఏ పుటకు పోవుచున్నాడో జాడ తీయు సాధనమయ్యెను. ఇప్పుడు ఒక పుట తెరచుకొను రెప్పపాటులోనే, ఆ చూపు ఎవరికి దక్కవలెనో యంత్రముల నడుమ వేలము ముగియుచున్నది. 2023లో గూగుల్ మాతృసంస్థయైన ఆల్ఫాబెట్ రాబడి సుమారు 30,700 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 23,800 కోట్లు ప్రకటనల వలననే వచ్చినవి. ఉచితమని చేతికిచ్చిన దానికి మూల్యము ఈ విధముగా చెల్లుచున్నది.

కుమార్తె పెండ్లికై పట్టుచీరల వెల ఒకమారు చూచిన ఇల్లాలిని ఆ చీరలు వారము దినములు వెంబడించును. వార్తలు చదువబోయినను అవే, వంట విధానము చూడబోయినను అవే. చివరకు సులభ వాయిదాల మాట వచ్చును. నెల జీతము చేతికి రాకముందే అందొక భాగము పరులదగును. అట్టి ఇంట మొదట తగ్గునది దాసోహమే. వాయిదా తప్పిన వడ్డీ పడును, జంగమునకు పెట్టకున్న అడుగువారు లేరు. కాయకమునకు శుద్ధి సంపాదనలోనే కాని వ్యయములో అక్కరలేదా?

వర్తకమును నిందింపబనిలేదు. శరణులలో వృత్తులు చేసి అమ్ముకొన్నవారు పెక్కురు. పోచంపల్లి నేతగాని చీరను దూరదేశమువారికి చూపునదియు ఆ తెరయే. వంచన మాత్రము నేరము. ఇంక రెండే మిగిలినవని లేని తొందర కల్పించుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట, వలదన్నవానిని సిగ్గుపరచుట మొదలుగా 13 మోసపు పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించినది. అయినను చట్టము అసత్యమును ఆపగలదు గాని, సత్యము చెప్పియే ఆశ రేపువానిని ఆపలేదు.

ఇష్టలింగమును వామకరతలమున నుంచి చూపును దానిపై నిలుపుట వీరశైవుని నిత్యవిధి. ఆ అరచేతనే ఫోను దినమంతయు నుండును. అందు చూపు నిలువకుండుటయే వర్తకునికి లాభము. కొనదలచిన దానిని బుట్టలోనే విడిచి, మరునాటి లింగపూజ ముగిసిన పిదప తెరచి చూడవచ్చును. వస్తువు అక్కడనే యుండును. ఇంక రెండే మిగిలినవన్న మాటయు అట్లే యుండును.