భోజనశాలయు ఆచారధర్మమును

ప్రాచీనమైనంతమాత్రమున నొక యాచారము పూజ్యమగునా? హేతువు నశించినంతమాత్రమున త్యాజ్యమగునా? ఈ ప్రశ్నమును మనవారు దేవాలయద్వారముకడను వివాహవేదికకడను తరచుగా చర్చింతురు. భోజనపంక్తికడ విచారించువారు అరుదు. మనుష్యుడు తన మతమును పెదవులతో జెప్పును, విస్తరికడ నాచరించును. స్వదేశపు దృష్టాంతముతో నారంభించినచో అభిమానము బుద్ధిని గప్పివేయును గనుక, ముందుగా లండనునగరమందలి యొక ప్రసిద్ధ భోజనశాలను నిదర్శనముగా గైకొందము.

స్ట్రాండువీథిలోని సింప్సన్సు శాల 1828వ సంవత్సరమున, పెద్దమనుష్యులు చుట్టలు కాల్చుచు కాఫీ త్రాగుచు చదరంగమాడుకొను స్థలముగా నారంభమైనది. 1851లో ఆండర్సెను, కీజెరిట్స్కీ యను నిరువురాడిన, 'అమరక్రీడ' యని పేరొందిన యాట అచ్చటిదే. కాల్చిన పెద్ద మాంసఖండమును వెండిమూతతో గప్పి, చక్రములబండిపై బల్లబల్లకును త్రోసికొనివచ్చి, అతిథి యెదుటనే కోసి వడ్డించుట అచ్చటి సంప్రదాయము. ఆటలో మునిగినవారికి భంగము గలుగకుండుటకై యీ పద్ధతి యేర్పడెనని చెప్పుదురు. కాలక్రమమున చదరంగము పోయినది, బండి నిలిచినది. అయినను దీనిని మూఢాచారమని నిందింపనక్కరలేదు. వడ్డించువాడే అతిథికడకు వచ్చుట మర్యాద; దానివలన నెవరికిని కొఱత లేదు.

ఆ శాలయందే మఱియొక యాచారముండెను. వీథికి సమతలమున నున్న, కొయ్యపలకలు తాపిన గదిలోనికి మధ్యాహ్నభోజనవేళ స్త్రీలను రానిచ్చెడివారు కారు. ఈ నిషేధము 1984 వఱకును సాగినది. ఫ్లీటువీథిలోని ఎల్ వీనో యను మద్యశాలయందు స్త్రీలు బల్లకడ నిలుచుండి పానీయమడుగరాదనియు, వెనుకగదిలో గూర్చుండినగాని వారికి వడ్డింపబడదనియు నియమముండెను. ఒక న్యాయవాదినియు, ఒక పత్రికారచయిత్రియు దీనిపై వ్యాజ్యము వేసిరి. అదే పానీయము లభించుచుండగా నష్టమేమని యడుగువారుందురు. 1975 నాటి సమానత్వశాసనము ననుసరించి, ఈ నియమము న్యాయవిరుద్ధమని అప్పీలుకోర్టువారు 1982లో తీర్పు చెప్పిరి. పురుషునకు గల యెన్నిక స్త్రీకి లేకుండుటయే నష్టము. పాత్రలోని ద్రవ్యమొక్కటియే యైనంతమాత్రమున గౌరవ మొక్కటి కానేరదు.

బండియాచారమును నిషేధాచారమును ఒక్కశాలలోనే, పెద్దలనాటివను పేరుతోనే నిలిచినవి. అట్లయ్యు నొకటి అతిథికి గౌరవమును జేర్చినది. రెండవది తోడిమనుష్యుని గౌరవమును హరించినది. కావున ప్రాచీనత్వము ప్రమాణము గాదు. నవీనత్వమును ప్రమాణము గాదు. ఈ యాచారమువలన నెవరు తలయెత్తుకొందురు, ఎవరు తలవంచుకొందురు అనునదియే పరీక్ష.

సంస్కారమనగా ఇంగ్లీషువారి బల్లకడ వారివలె భుజించుటయే యని కొందఱు తలంతురు. ఇదియు భ్రమయే. సముద్రయానము చేయుచున్నాడని కులమువారిచే వెలివేయబడి, 1888లో న్యాయశాస్త్రము చదువుటకై లండనునకేగిన గాంధిగారిని ఒక మిత్రుడు హోబర్ను భోజనశాలకు గొనిపోయెను. సూపులో మాంసమున్నదా యని పరిచారకుని నడుగబోగా, ఆ మిత్రుడు మర్యాద దెలియనివాడవని కోపించి వెలుపలికి బొమ్మనెను. ఆయన మాఱుమాటాడక లేచిపోయెను. సమీపముననున్న శాకాహారశాల మూయబడియుండుటచే నారాత్రి పస్తుండెను. స్వదేశమున నొకమడి, పరదేశమున వేఱొకమడి! అంతఃకరణమును బలిగోరునప్పుడు రెండును బంధములే. అనిష్టమైన పదార్థమును దినిపించుట సహపంక్తి గాదు. ఎవరి విస్తరిలో వారికి దగిన యాహారముండనిమ్ము. విస్తరులు మాత్ర మొక్కవరుసలో నుండవలెను.

ఇక మనయింటికి వత్తము. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు ప్రథమ వితంతువివాహము జరిపించినప్పుడు, ఛాందసులు తర్కమునకంటె వెలి నాయుధముగా బూనిరి. కలిసి భుజింపరాదనుటయే నాటి శిక్ష. 1950 జనవరి 26వ తేదీని అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, 15వ అధికరణమున, హోటళ్లలోనికిని భోజనశాలలలోనికిని ప్రవేశించుటకు కులమతలింగజన్మభేదము లడ్డురాగూడదని శాసించినది. తదనంతరమును పల్లెలలోని టీదుకాణములలో దళితునకు వేఱుగ్లాసు పెట్టిన పద్ధతిని మన మెఱుగుదుము. అచ్చటను పానీయ మొక్కటియే, గ్లాసులే రెండు. లండనున జెప్పబడిన న్యాయము మన యూరికిని చెల్లును.

శాసనము హోటలు తలుపును దెఱువగలదు; గృహస్థుని తలుపును దెఱువజాలదు. శుభకార్యమున విధవరాలైన సోదరిని వంటింటిలో నుంచి, పెండ్లిపనులు చేసినవారిని పందిరివెలుపల గూర్చుండబెట్టి, పంక్తిలో ఈశ్వరనామమును స్మరించుట యెట్టి యారాధనము? అరటియాకును, వడ్డనక్రమమును, పెద్దలకు నమస్కరించుటను విడువనక్కరలేదు. అవి మన బండియాచారములు. విడువవలసినది వెలుపలనుంచు నాచారము. సోదరులారా, ఇంటిలో విందు జరుగునప్పుడు వచ్చినవారిని లెక్కించుటకు ముందు, రానీయబడనివారిని లెక్కింపుడు. సర్వులకును అన్నమిచ్చు పరమేశ్వరుడు ఎవరి గోత్రమునడిగి వర్షము గురిపించుచున్నాడు?