బీట వారిన గోడ ఎవరిది?

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, యెహెజ్కేలు 13:10–14



మన అనంతపురపు మెట్టసీమలో ఇల్లు కట్టుట చిన్న పని కాదు. వేరుసెనగ ఒక యేడు పండి రెండేండ్లు ఎండిపోగా, గొర్రెలనమ్మి, వడ్డీకి తెచ్చి, మనవాడు నాలుగు గోడలు లేపును. ఆ గోడ మొదటి వానకే చీలినయెడల ఆ బీట వాని గుండెలోనికిని పోవును.

నిరుడు మన సంఘములో ఇదే జరిగెను. గృహప్రతిష్ఠయైన మూడు నెలలకే తూర్పుగోడ పునాదినుండి కిటికీవరకు చీలెను, మిద్దె కురిసెను. ఇంటి యజమాని మేస్త్రికి ఇయ్యవలసిన ఆఖరు పైకము ఆపెను. మేస్త్రియు మన సంఘస్థుడే. ఇద్దరును ప్రభువు బల్లకు రాక మానిరి. మేస్త్రి క్రింద పనిచేసిన కూలివారు పస్తులుండిరి.

ఒక శనివారము ముగ్గురము ఆ గోడయొద్ద నిలిచితిమి.

“అయ్యగారూ, మేస్త్రి పునాది లోతుగా తియ్యలేదు” అనెను యజమాని.

“నల్లరేగడి నేలప్పా, ఇంకా లోతు పోవల్లంటి. ఖర్చు కాదు, రెండడుగులు చాలునంటివి నువ్వే. తడిపేదానికి నీళ్ల ట్యాంకరు మూడునాళ్లకే నిలిపితివి.”

“మరి సెంట్రింగు ముందుగా ఎందుకు విప్పితివి?”

మేస్త్రి తల వంచెను. “ఇంకో ఊర్లో పని ఒప్పుకొంటి” అనెను.

ఇద్దరి మాటయు నిజమే. రేగడినేల తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని నెరియలు విచ్చును. పైపైని వేసిన పునాదిని కదల్చివేయును. సిమెంటు పనిని కనీసము ఏడు దినములు తడుపనియెడల మన యెండలకు దానికి బలము రాదు.

అప్పుడు నా మనస్సాక్షి నన్ను పొడిచెను. పునాదిరాయి వేసిన దినమున ప్రార్థించినవాడను నేనే. గుంత లోతు చాలదని చూచియు, శుభకార్యములో మాట యెందుకని ఊరకుంటిని. జనులు కట్టిన బలహీనమైన గోడకు గచ్చు పూసి, అంతయు క్షేమమేయన్న ప్రవక్తలను యెహెజ్కేలు గద్దించెను గదా. ఆ గచ్చు పూసినవారిలో నేనొకడను. ఈ మాట వారితో చెప్పి క్షమాపణ అడిగితిని. అటుపిమ్మట వారి నోళ్లును మెత్తబడెను.

పూర్వము బబులోను రాజైన హమ్మురాబి, గోడ ఒరిగినయెడల కట్టినవాడే తన సొమ్ముతో బాగుచేయవలెనని శాసించెను. మోషే ధర్మశాస్త్రము మిద్దెకు పిట్టగోడ కట్టించు భారమును యజమానిమీద మోపెను; ఎవడైన పడి చచ్చిన ఆ దోషము ఆ యింటిదే. కట్టినవానికిని కట్టించినవానికిని లెక్క యున్నది. కదిరిలో 2021 నవంబరు వానలకు మూడంతస్తుల యిల్లు కూలి ప్రాణములు పోయిన సంగతి మీరెరుగుదురు. గోడ తప్పు గోడతో పోదు.

మన దేశమందు 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, రుసుము తీసికొని ఇల్లు కట్టియిచ్చుటయు సేవయే. లోపమున్న రెండేండ్లలోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. మోసపోయిన బీదవాడు ఆ తలుపు తట్టుట పాపము కాదు. అయితే ఒకే రొట్టెలో పాలుపొందువారు మొదట మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన త్రోవ నడువవలెను: ముందు ఒంటరిగా, పిమ్మట సాక్షులతో.

మేమట్లే పొరుగూరి పెద్దమేస్త్రిని పిలిపించి గోడ చూపితిమి. ఆయన తీర్పు ఇద్దరును ఒప్పుకొనిరి. కూలివారి పైకము ఆ సాయంకాలమే చెల్లెను. అది ఎవరి వాదమునకును ఆగదగినది కాదు. సామగ్రి యజమానిది, పని మేస్త్రిది. పునాదికి బలము చేర్చి, వాన నీరు గోడయొద్ద నిలువకుండ కాలువ తీసిరి. నేను రెండు దినములు తట్ట మోసితిని.

ఇల్లు కట్టబోవు సహోదరులారా, పునాది లోతెంత, సిమెంటెంత, తడుపు నీళ్లు ఎవరు తేవలెను, లోపము కనబడిన ఎవరు ఎన్నాళ్లవరకు బాగుచేయవలెను అని ముందుగానే కాగితముమీద వ్రాసి ఇద్దరును సంతకము చేయుడి. అది అపనమ్మకము కాదు, ప్రేమకు కట్టిన పిట్టగోడ. బీట కనబడినప్పుడు, “ఇందులో నా పాలెంత?” అని మొదట అడుగుడి.

ప్రార్థన: ప్రభువా, మా గోడలనే గాక మా మాటలనుకూడ మట్టపు గుండుతో సరిచూడుము. మా తప్పు మేమే ముందు ఒప్పుకొను ధైర్యము దయచేయుము. ఆమేన్.