ముల్లును ముల్లుతో తీయవచ్చునా?



ముల్లును ముల్లుతోనే తీయవలెనని మన పెద్దల మాట. కాలిలో దిగిన ముల్లు సంగతిలో అది నిజమే. మత్తు సంగతిలో కూడా నిజమా? ఒక మత్తుకు బానిసయైన వానిని మరియొక మత్తు మొక్కతో విడిపించుట న్యాయమా? కారమడైలో ఉన్న మేము ఈ ప్రశ్నను దూరదేశపు ప్రశ్న అని తోసివేయలేము. కోయంబత్తూరు, చెన్నై వంటి పట్టణాలలో టాపెంటడాల్ అను నొప్పి మాత్రలను నీళ్లలో కరిగించి సూదితో ఎక్కించుకొను యువకులను గూర్చి కొన్నేండ్లుగా పత్రికలలో చదువుచున్నాము. అది శరీరములో నల్లమందు వలెనే పనిచేయు మందు. 2019లో వెలువడిన ఎయిమ్స్ వారి సర్వే ప్రకారము మన దేశములో నల్లమందు, హెరాయిన్, ఇట్టి నొప్పి మాత్రలు వాడువారు సుమారు 2 కోట్ల 26 లక్షల మంది. వారిలో సుమారు 77 లక్షల మందికి ఆ అలవాటు నుండి బయటపడుటకు సహాయము అవసరము. అట్టి బిడ్డ ఉన్న ఇంటివారికి, ఒక్క రాత్రిలో అలవాటును వదిలించు వేరు ఒకటి ఆఫ్రికాలో ఉన్నదని ఎవరైన ఫోనులో చూపించినచో, ఇల్లు తాకట్టు పెట్టియైనను తెప్పించవలెనని వారికి తోచదా?

ముందు ఆ వేరు సంగతి చూతము. పశ్చిమ మధ్య ఆఫ్రికాలోని గాబోన్ దేశములో ఇబోగా అను పొద పెరుగును. అక్కడి బ్విటి ఆచారము గలవారు దాని వేరు బెరడును తమ దీక్షలలో తినిపింతురు. అందులోని సారమునకు ఇబోగెయిన్ అని పేరు. 1962లో అమెరికాలో హోవర్డ్ లాట్సాఫ్ అను 19 ఏండ్ల హెరాయిన్ బానిస దానిని కొత్త మత్తు అనుకొని పుచ్చుకొన్నాడు. మత్తు దిగిన పిమ్మట చూచుకొంటే హెరాయిన్ మీద కోరిక లేదు. మానినప్పుడు రావలసిన వణుకు, వాంతులు, ఒళ్లు నొప్పులు లేవు. ఆ తరువాత జీవితమంతయు ఆయన ఈ మందు కొరకే పాటుపడెను. అమెరికా ప్రభుత్వము మాత్రము 1970 నాటి చట్టములో దానిని నిషేధించిన మందుల పట్టికలో చేర్చినది.

ఇది కట్టుకథ కాదు. వైద్యుని చీటీ మీద దీనిని ఇచ్చుటకు అనుమతి ఉన్న న్యూజిలాండ్‌లో 14 మందికి ఇచ్చి ఏడాది పాటు గమనించిన పరిశోధన 2018లో అచ్చయినది. పలువురికి బాధలు తగ్గినవి, వాడకము తగ్గినది. అయితే ఆ 14 మందిలో ఒకరు చికిత్సలోనే చనిపోయిరి. ఇబోగెయిన్ గుండె కొట్టుకొను లయను చెరుపగలదు. 1990 నుండి 2008 వరకు ఈ మందు పుచ్చుకొని సుమారు మూడు దినములలోపు మరణించిన 19 మంది సంగతి 2012లో వైద్యులు పరిశీలించి ప్రకటించిరి. వారిలో పలువురికి ముందుగానే గుండె జబ్బు ఉండెను, లేదా ఒంటిలో ఇతర మత్తుమందులు ఉండెను. కావున గుండె పరీక్ష, ఆసుపత్రి, రాత్రంతా కనిపెట్టుకొని ఉండు డాక్టరు లేక దీనిని ఇచ్చుట ప్రాణముతో ఆటలాడుటయే.

ఇక న్యాయము మాట. మత్తు కలిగించును గనుక ఆ మొక్క ముట్టరానిదని కొందరందురు. మేము అట్లు తలంచము. క్యాన్సరు రోగికి ఇచ్చు మార్ఫిన్ గసగసాల మొక్క నుండియే వచ్చును. దానిని పాపమని ఎవరును అనరు. కడుపు జబ్బు విషయమై పౌలు తిమోతికి ఇచ్చిన సలహా మనకందరికి తెలిసినదే. మొక్కలో పాపము లేదు. ఎవరు, ఎందుకు, ఎంత, ఎవరి కాపుదలలో తీసికొనుచున్నారు అనునదే ప్రశ్న. కొడైకెనాల్ కొండ మీద మత్తు పుట్టగొడుగులు దొంగచాటుగా కొని తిను కుర్రవాడు కూడా నేను మొక్కల మందే తిన్నానని అనవచ్చును. ఆ పుట్టగొడుగులోని సైలోసైబిన్‌ను మన దేశ చట్టము నిషేధించినది. దానిమీద పరిశోధన చేయు డాక్టరు పని వేరు, ఈ కుర్రవాని సరదా వేరు.

అయితే మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేయునది మొక్క కాదు, 'ఒక్క రాత్రి' అను మాట. ఇందుకు ఒక పాత సంగతి ఉన్నది. 1934 డిసెంబరులో న్యూయార్కులోని టౌన్స్ ఆసుపత్రిలో బిల్ విల్సన్ అను తాగుబోతు చేరెను. అక్కడ ఇచ్చు మందులలో బెల్లడోనా ఒకటి. మన చేలగట్ల మీది ఉమ్మెత్తకు అది దగ్గరి చుట్టము. ఆ చికిత్సలో ఉండగా ఆయన గొప్ప వెలుగు చూచితినని చెప్పెను. తిరిగి 1971లో మరణించువరకు సారాయి ముట్టలేదు. ఇంతవరకు చెప్పి ఆపినచో అది ఒక్క రాత్రి అద్భుతమే. కాని అంతకు మునుపు కూడా ఆయన అదే ఆసుపత్రిలో చేరి, బయటికి వచ్చి, మరల తాగినవాడే. ఈసారి మారినదేమి? మరుసటి సంవత్సరము ఆక్రన్ అను ఊరిలో తాగవలెనను కోరిక పుట్టినప్పుడు, ఆయన మరియొక తాగుబోతును వెదకికొని పోయి మాటలాడెను. అతడు డాక్టర్ బాబ్ స్మిత్. అట్లు 1935లో పుట్టినదే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము. ఆ రాత్రి తలుపు తెరచినదేమో, నడిపించినది మాత్రము తోడు. గాబోన్ వారు కూడా ఆ వేరును ఒంటరిగా తినిపించరు. దీక్ష ఇచ్చువారు, ఊరివారు కూడియుందురు. మనుష్యులను విడిచిపెట్టి వేరును మాత్రము తెచ్చుకొన్నచో సగమే తెచ్చుకొన్నట్లు.

మన దగ్గర ఇంతకంటె పెద్ద అన్యాయమొకటి జరుగుచున్నది. నల్లమందు జాతి అలవాటుకు రుజువైన మందులు బ్యూప్రినార్ఫిన్, మెథడోన్ మన దేశములోనే ఉన్నవి. బ్యూప్రినార్ఫిన్ నాలుక క్రింద కరుగు మాత్ర. ప్రభుత్వ కేంద్రాలలో సిబ్బంది కళ్లయెదుట ఇచ్చెదరు. ఈ మందులు క్రమముగా తీసికొనువారిలో మరణాలు సుమారు సగానికి తగ్గునని అనేక దేశాలలో తేలినది. అయినను మనము వానిని చూచి, "ఒక మత్తు పోయి ఇంకొక మత్తు పట్టుకొన్నాడు" అని ముఖము చిట్లింతుము. చక్కెర జబ్బువాడు ఏండ్ల తరబడి మాత్ర మింగితే అట్లందుమా? ఏండ్లు పట్టు మందును ఎగతాళి చేసి, ఒక్క రాత్రి మందుకు ఆశపడుట పరిశుద్ధత కాదు, ఓపిక లేకపోవుట.

ఆ ఓపికలేమి ప్రాణము తీయగలదు. కొన్ని దినములు మానినవాని శరీరము పాత మోతాదును తట్టుకొను శక్తిని పోగొట్టుకొనును. అతడు జారిపడి ఆ పాత మోతాదే మరల తీసికొన్నచో ఊపిరి ఆగిపోవును. నెల తిరుగకముందే వానిని వేదిక ఎక్కించి సాక్ష్యము చెప్పించితిమి అనుకొనుడి. పదిమంది చప్పట్లు కొట్టిన తరువాత, మరల పడితినని చెప్పుటకు వానికి నోరు వచ్చునా? దాచుకొనును. దాచుకొన్నవాడు ఒంటరిగా చనిపోవును.

ఇచ్చట ఒకరు అడుగవచ్చును: "అయ్యా, చావు అంచున ఉన్నవానికి ఏండ్ల లెక్క చెప్పుదురా?" న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో 2022 ఒక్క సంవత్సరములోనే మత్తుమందులు మితిమీరి లక్షకు పైగా చనిపోయిరి. పాత మందులు అందరికి పట్టవు. కాబట్టి 2025లో టెక్సాస్ రాష్ట్రము ఇబోగెయిన్ పరిశోధనకు 5 కోట్ల డాలర్లు కేటాయించినది. మంచిదే. డాక్టర్ల కాపుదలలో, అపాయము తెలిసికొని, ఒప్పుకొని అట్టి పరిశోధనలో చేరువానిని మేము తప్పుపట్టము. ఆశతో ఉన్న తల్లికి పొట్లము అమ్మి గుండె మాట దాచువానిని తప్పుపట్టుదుము.

కాబట్టి మన సంఘాలు చేయదగిన పని చిన్నది, దీర్ఘమైనది. ఎవరి ఇంటిలోనైన ఈ బాధ ఉన్నచో ముందు 14446 అను ప్రభుత్వ ఉచిత సహాయ నంబరుకు ఫోను చేయించుడి. మాత్ర కొరకు వెళ్లువానితో బస్సులో ఒకరు తోడు వెళ్లుడి. వాడు మరల పడినప్పుడు మొదట మన ఇంటి తలుపే తట్టగలుగునట్లు ఉండుడి. ఏ దేశపు వేరు రేపు గొప్ప మందుగా రుజువైనను, రెండవ దినము ఉదయము వాని ప్రక్కన కూర్చుండుటకు మనిషి కావలెను. ఆ పని వేరు చేయదు.